మీకు తెలుసా? కీబోర్డు వైరులో పాట ఉండదు

కీబోర్డును కంప్యూటరుకు తగిలిస్తారు, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ తెరుస్తారు, మెట్టు నొక్కుతారు. కంప్యూటరు నుంచి ఏమీ వినపడదు. ఇంట్లో పాట కట్టడం మొదలుపెట్టిన చాలామందికి మొదటి సాయంత్రం ఇదే అనుభవం. వైరు పాడైందనుకుని ఇంకోటి కొనేవాళ్లూ ఉన్నారు. వైరు శుభ్రంగా ఉంటుంది, కానీ అందులో శబ్దం ప్రయాణించదు. ఫలానా నంబరు మెట్టు నొక్కారు, ఇంత గట్టిగా నొక్కారు, ఇప్పుడు వదిలేశారు: వెళ్లేది ఈ సమాచారమే. దీన్నే మిడి అంటారు. పూర్తి పేరు మ్యూజికల్ ఇన్‌స్ట్రుమెంట్ డిజిటల్ ఇంటర్‌ఫేస్. సంగీత దర్శకుడు వయొలిన్ వాళ్ల ముందు పెట్టే నొటేషన్ కాగితం లాంటిదన్నమాట. కాగితం మోగదు, చూసి ఎవరో ఒకరు వాయించాలి. సాఫ్ట్‌వేర్‌లో ఆ పని చేసేది వర్చువల్ ఇన్‌స్ట్రుమెంట్. ట్రాక్ మీద ఓ పియానోనో, ఫ్లూటో పెట్టి, చాలా సాఫ్ట్‌వేర్లలో ఎర్ర బటన్ నొక్కి ట్రాక్‌ను రికార్డుకు సిద్ధం చేసేదాకా, ఎన్ని మెట్లు నొక్కినా కంప్యూటరులో నిశ్శబ్దమే.

ఈ ఒక్క ముక్క పట్టుబడితే మిగతావన్నీ దాని వెంటే వస్తాయి.

పక్కింట్లో టైల్స్ కోస్తున్నా ఫర్వాలేదు

హైదరాబాద్ అంచున, రంగారెడ్డి జిల్లా కోహెడనే చూడండి (సిద్దిపేట కోహెడ వేరు, ఇది ఇబ్రహీంపట్నం వైపుది). ఓ పక్క ఔటర్ రింగ్ రోడ్డు, కాస్త దూరంలో రామోజీ ఫిలిం సిటీ. ఇలా నగరం అంచున పెరుగుతున్న ఊళ్లలో ఎప్పుడూ ఎక్కడో ఒకచోట ఇల్లు లేస్తూనే ఉంటుంది. బోరు బండి, టైల్స్ కోసే మిషను, ఇసుక లారీ హారను. మైకు పెట్టి పాడితే ఇవన్నీ పాటలో కోరస్ అందుకుంటాయి.

మిడి ట్రాక్‌లోకి మాత్రం ఒక్క హారనూ రాదు. శబ్దమే వెళ్లని వైరులోకి చప్పుడు ఎలా దూరుతుంది? అందుకే ఇలాంటి చోట ఇంట్లో పాటలు చేసుకునేవాళ్లకు నేను చెప్పే టైం టేబుల్ ఒకటే. పగలంతా కీబోర్డు పని, ఊరు సద్దుమణిగాక గొంతు. గదికి నురగ షీట్లు అంటించడానికి డబ్బు పోసేముందు ఇది చేసి చూడండి.

చతురస్రపు రంధ్రం ఎక్కడుంది?

యమహా, క్యాసియో, రోలండ్ కీబోర్డుల వెనక రెండు రకాల యూఎస్‌బీ రంధ్రాలు కనిపించవచ్చు. చదరంగా ఉండి ‘టు హోస్ట్’ లాంటి మాట రాసి ఉన్నది కంప్యూటరుకు. పలచగా, వెడల్పుగా ఉండి ‘టు డివైస్’ లాంటి మాట ఉన్నది పెన్‌డ్రైవ్‌కు. చదరపు రంధ్రానికి సరిపోయే వైరును షాపులో ‘ప్రింటర్ కేబుల్’ అని అడిగితే తీసిస్తారు. కొత్త మోడళ్లలో ఫోను ఛార్జర్ లాంటి టైప్-సి రంధ్రం వస్తోంది. అక్కడ ఓ చిక్కుంది. కొన్ని ఛార్జింగ్ వైర్లలో కరెంటు పోయే తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. కీబోర్డు లైటు వెలుగుతుంది గానీ కంప్యూటరుకు అది కనిపించదు.

25 మెట్ల చిన్న మిడి కంట్రోలర్లు (కబురు పంపడమే తప్ప సొంత శబ్దం లేని కీబోర్డులు) కొని, ‘దీనికి స్పీకరే లేదు’ అని వాపసు ఇవ్వబోయేవాళ్లూ ఉంటారు. లేకపోవడం లోపం కాదండీ, వాటి తీరే అంత. కరెంటు కూడా యూఎస్‌బీ నుంచే తీసుకుంటాయి.

వైరు తగిలించి, కీబోర్డు ఆన్ చేసి, ఆ తర్వాతే సాఫ్ట్‌వేర్ తెరవండి. కొన్ని సాఫ్ట్‌వేర్లు తెరుచుకునేటప్పుడే చుట్టూ ఏమేం పరికరాలున్నాయో చూసుకుంటాయి, తర్వాత పట్టించుకోవు. ఇక సెట్టింగ్స్‌లో మిడి ఇన్‌పుట్ కింద మీ కీబోర్డు పేరుకు టిక్ పెట్టాలి. పేరు కనిపిస్తోంది, టిక్ ఉంది, అయినా పలకడం లేదా? ఇంకో మ్యూజిక్ ప్రోగ్రాం వెనకాల తెరిచి ఉందేమో చూడండి. విండోస్‌లో చాలా ఏళ్లుగా ఉన్న పద్ధతి ప్రకారం, మిడి పోర్టును ఒక ప్రోగ్రాం పట్టుకుంటే రెండోదానికి తరచుగా దక్కదు.

ఒక మెట్టు నొక్కితే రెండు శబ్దాలు

సొంత స్పీకర్లున్న కీబోర్డులో ఇది మామూలే. కీబోర్డు తన పియానో తాను మోగిస్తుంది, కంప్యూటరు తన పియానో తాను మోగిస్తుంది. కీబోర్డు మెనూలో ‘లోకల్ కంట్రోల్’ అని ఉంటుంది, ఆఫ్ చేయండి. మెట్లు పనిచేస్తూనే ఉంటాయి, లోపలి శబ్దం మాత్రం ఆగుతుంది. రికార్డింగ్ అయ్యాక మళ్లీ ఆన్ చేయడం మరవకండి. లేదంటే మర్నాడు ఇంట్లోవాళ్లు కీబోర్డు చెడిపోయిందని మెకానిక్‌ను పిలుస్తారు.

ఇక ఏ సాఫ్ట్‌వేర్ వాడాలన్న సంగతి. ఉచితంగా దొరుకుతుంది కదా అని చాలామంది ఆడాసిటీ దించుకుంటారు. గొంతు రికార్డు చేసి కత్తిరించుకోవడానికి అది బంగారం. కానీ అది మిడిని రికార్డు చేయదు. మీరెంత వెతికినా ఆ బటన్ దొరకదు. మ్యాక్ ఉంటే గ్యారేజ్‌బ్యాండ్ అందులో ఉచితం. విండోస్‌లో, లినక్స్‌లో ఎల్‌ఎమ్‌ఎమ్‌ఎస్ ఉచితం. రీపర్‌ను 60 రోజులు వాడి చూసి కొనుక్కోవచ్చు.

పోటీదార్లు కలిసి వేసిన దారి

1980 ప్రాంతంలో ఒక కంపెనీ సింథసైజర్ ఇంకో కంపెనీదానితో మాట్లాడేది కాదు. కాలిఫోర్నియాలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ నడిపిన డేవ్ స్మిత్, జపాన్‌లో రోలండ్ స్థాపించిన ఇకుతారో కకెహాషి ఈ గోడ బద్దలు కొట్టడానికి పూనుకున్నారు. 1981లో స్మిత్ ఒక ప్రతిపాదన పెట్టాడు. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన నామ్ సంగీత వాద్యాల ప్రదర్శనలో స్మిత్ కంపెనీ ప్రాఫెట్-600ను రోలండ్ జూపిటర్-6కు వైరుతో కలిపారు. ఒకదాని మీద వాయిస్తే రెండోది పలికింది. ఆ ఏడాదే మిడి 1.0 ప్రమాణం అచ్చయింది. వాడుకునే కంపెనీల నుంచి రాయల్టీ అడగలేదు. ఇది అన్ని దేశాలకూ పాకడానికి అసలు కారణం అదేనని నా నమ్మకం. 30 ఏళ్లకు, 2013లో, ఆ ఇద్దరికీ టెక్నికల్ గ్రామీ ఇచ్చారు. కకెహాషి 2017లో, స్మిత్ 2022లో పోయారు.

ఆ వైరు త్వరలోనే మద్రాసు చేరింది. తెలుగు సినిమా పాటలు అప్పటికి అక్కడే రికార్డయ్యేవి. సంగీత దర్శకుల జంట రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయిస్తూ ప్రోగ్రామింగ్ చేసిన కుర్రాడే తర్వాత ఏ.ఆర్. రెహమాన్. అతను ఇంటి పెరట్లో పంచతన్ స్టూడియో కట్టుకున్నది 1989లో, ‘రోజా’ వచ్చింది 1992లో. మణిశర్మ కూడా సంగీత దర్శకుడు కాకముందు కీబోర్డు ప్లేయరే. పాట రాయడానికి కాగితం ముందు కాకుండా సీక్వెన్సర్ (మిడి స్వరాలను వరసగా దాచి వాయించే పరికరం) ముందు కూర్చునే తరం అలా వచ్చింది. ఇవాళ బోనాలకూ బతుకమ్మకూ యూట్యూబ్‌లో దిగే తెలంగాణ పాటల వెనక కూడా ఇలాంటి గదులే ఉన్నాయి. ఒక కీబోర్డు, ఒక ల్యాప్‌టాప్, ఒక మైకు.

మెట్టు ఇప్పుడు, మోత తర్వాత

మెట్టు నొక్కిన కాసేపటికి శబ్దం వస్తే నిందంతా వైరు మీదకే పోతుంది. లెక్క చూద్దాం. పాత మిడి వేగం సెకనుకు 31,250 బిట్లు. ఒక మెట్టు కబురు 3 బైట్లు, మొదలు-చివర గుర్తులతో కలిపి 30 బిట్లు. అంటే మిల్లీసెకను కన్నా కొంచెం తక్కువే. ఆలస్యం జరిగేది కంప్యూటరు శబ్దం తయారుచేసే చోట. సౌండ్ సెట్టింగ్స్‌లో ‘బఫర్’ (శబ్దాన్ని విడతకు ఎన్ని శాంపిళ్ల చొప్పున పంపాలో చెప్పే అంకె) 1024 ఉంటే, సెకనుకు 44,100 శాంపిళ్ల రేటు దగ్గర ఒక్క బఫర్‌కే 23 మిల్లీసెకన్లు పోతాయి. దాన్ని 128కి దించితే 3 మిల్లీసెకన్ల లోపే. మరీ దించితే పాతబడిన ల్యాప్‌టాప్ చిటపటలాడుతుంది, అప్పుడు 256 దగ్గర ఆపండి. వాయించేటప్పుడు తక్కువ, మిక్సింగ్ చేసేటప్పుడు ఎక్కువ పెట్టుకోవడం పద్ధతి. విండోస్ వాళ్లు ఆలస్యం తగ్గించే ఏఎస్ఐవో డ్రైవర్ ఎంచుకోవాలి. మ్యాక్‌లో ఆ బాధ లేదు.

బ్లూటూత్ హెడ్‌ఫోన్ పెట్టుకుని వాయించేవాళ్లకు ఈ సలహాలేవీ పనిచేయవు. ఆ ఆలస్యం వేరే స్థాయిది. వైరున్న హెడ్‌ఫోనే దిక్కు.

కొట్టిన దెబ్బకు అంకె

మెట్టును ఎంత గట్టిగా కొట్టారన్నదానికి మిడిలో 1 నుంచి 127 దాకా అంకె ఉంటుంది. నిజానికి కీబోర్డు చూసేది బలాన్ని కాదు, మెట్టు ఎంత వేగంగా దిగిందో చూస్తుంది. టచ్ లేని చవక మోడళ్లు మెల్లగా తాకినా గట్టిగా కొట్టినా ఒకే అంకె పంపుతాయి. వాటితో డ్రమ్స్ వాయిస్తే మిషను కొట్టినట్టు ఉండేది అందుకే. కొనేముందు బాక్సు మీద ‘టచ్ రెస్పాన్స్’ ఉందో లేదో చూడండి. మెట్ల సంఖ్య కన్నా ఇది ముఖ్యం.

తాళం తప్పిన చోట సాఫ్ట్‌వేర్‌లో ‘క్వాంటైజ్’ నొక్కితే స్వరాలన్నీ గీత మీదకు వచ్చి కూర్చుంటాయి. జానపదం చేసేవాళ్లు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. కొత్త ప్రాజెక్టు సాధారణంగా 4/4లో, నిమిషానికి 120 వేగంతో తెరుచుకుంటుంది. తిశ్ర నడక పాటను అందులో వాయించి 16వ వంతులకు క్వాంటైజ్ చేస్తే, మూడు దెబ్బల నడక విరిగి నాలుగు దెబ్బల కవాతు అవుతుంది. ముందే 6/8కి మార్చుకోండి, లేదా గ్రిడ్‌ను ట్రిప్లెట్‌లో పెట్టండి. డప్పు దరువుకైతే నేను క్వాంటైజ్ జోలికే పోవద్దంటాను. వాయించినవాడి చెయ్యి అందులో వినపడాలి.

సితారుంది, వీణ లేదు

ఏ కీబోర్డులోనైనా ఒకే నంబరుకు ఒకే వాద్యం పలకాలని 1991లో జనరల్ మిడి పేరుతో 128 వాద్యాల పట్టిక వేశారు. అందులో మనదేశానివి రెండు కనిపిస్తాయి: 105వ నంబరు సితార, 112వ నంబరు షెహనాయి. వీణ లేదు, మృదంగం లేదు, డప్పు అసలే లేదు. డ్రమ్స్‌కు 10వ ఛానల్ (మిడి కబురు వెళ్లే దారుల్లో ఒకటి) కేటాయించారు గానీ తబలాకు అందులో చోటు దొరకలేదు. తర్వాత యమహా, రోలండ్ భారతీయ మార్కెట్ కోసమే తబలా, ఢోలక్ శబ్దాలతో మోడళ్లు దించాయి. మన డప్పు కావాలంటే మాత్రం ఇప్పటికీ ఎవరైనా వాయించిన శాంపిల్ దొరకాలి, లేదా మీరే మైకు పెట్టి కొట్టాలి.

గమకం సంగతి ఇంకా ఆసక్తికరం. రెండు స్వరాల మధ్య జారలేదన్నది హార్మోనియం మీద పాత ఫిర్యాదు. ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా దాన్ని వెలివేయడానికి చెప్పిన కారణాల్లో అదొకటి. చాలా మిడి కీబోర్డులకు ఎడమ పక్క చక్రం ఉంటుంది, పిచ్ బెండ్. మిడిలో దానికి 16,384 అంచెలున్నాయి. అంటే జారుడు మెత్తగా రావడానికి కావలసినన్ని. అయితే మామూలుగా అది రెండు అర్ధస్వరాల దూరమే జారుతుంది. సెట్టింగ్స్‌లో ఆ హద్దు పెంచుకోవచ్చు. కుడిచేత్తో స్వరం, ఎడమచేత్తో చక్రం. సాధన చేస్తే కల్యాణి రాగం కాస్త కల్యాణిలా వినిపిస్తుంది. ఒక ఛానల్‌లో చక్రం తిప్పితే ఆ ఛానల్‌లో మోగుతున్న స్వరాలన్నీ కలిసి జారతాయి కాబట్టి, శ్రుతికి వేరే ట్రాక్, వేరే ఛానల్ పెట్టుకోవాలి.

ఇక ఫైలు సైజు సంగతి. నాలుగు నిమిషాల పాటను సీడీ నాణ్యతతో రికార్డు చేస్తే దాదాపు 40 ఎంబీ. అదే పాట మిడి ఫైలు తరచుగా 100 కేబీ కూడా ఉండదు. 2000ల్లో మన ఫోన్లలో మోగిన పాలీఫోనిక్ రింగ్‌టోన్లు చాలావరకు మిడి ఫైళ్లే. కాబట్టి పాట అయిపోయాక ఎంపీ3 ఒక్కటే దాచుకుని సరిపెట్టకండి, మిడి ఫైలు కూడా విడిగా దాచండి. పదేళ్లకు గాయకుడు మారి శ్రుతి దించాలన్నా, పియానో తీసి వీణ పెట్టాలన్నా అదే అక్కరకొస్తుంది.

చివరగా ఒక విన్నపం. అటక మీద పాత కీబోర్డు ఉంటే దించి వెనక వైపు చూడండి. ఐదు రంధ్రాల గుండ్రటి సాకెట్లు, పక్కన ‘మిడి ఇన్’, ‘మిడి ఔట్’ అని అక్షరాలు ఉంటే అది ఇవాళ్టి ల్యాప్‌టాప్‌తో కూడా పనిచేస్తుంది. మధ్యలో యూఎస్‌బీ-మిడి ఇంటర్‌ఫేస్ వైరు ఒకటి కావాలి, అంతే. కీబోర్డు ఔట్ కంప్యూటరు ఇన్‌కు వెళ్లాలి. తారుమారుగా పెట్టినా ఏదీ కాలిపోదు, తీసి మార్చుకోండి. పాత సామాన్లవాడికి మాత్రం అమ్మకండి.