మొక్కల ఆక్వేరియం

మొక్కల ఆక్వేరియం అనగా చేపలతో పాటు సజీవమైన నీటిమొక్కలను పెంచే గాజు తొట్టి. సాధారణ చేపల తొట్టిలో మొక్కలు అలంకారానికి మాత్రమే ఉంటాయి, అవి తరచుగా ప్లాస్టిక్‌వి. మొక్కల ఆక్వేరియంలో మాత్రం అవి నీటిని శుభ్రపరచడంలో పాలుపంచుకుంటాయి. చేపల విసర్జకాలు మొక్కలకు పోషకాలు కాగా, కిరణజన్య సంయోగక్రియ ద్వారా మొక్కలు విడుదల చేసే ఆక్సిజన్ చేపలకు ఉపయోగపడుతుంది.

చరిత్ర

1850లో ఇంగ్లండుకు చెందిన రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్, ఒక పాత్రలో గోల్డ్‌ఫిష్, వాలిస్‌నేరియా మొక్క, నత్తలు కలిపి ఉంచి, అవి పరస్పరం ఆధారపడి జీవించగలవని వివరించాడు. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో ప్రజల సందర్శనకు చేపల భవనం ప్రారంభమైంది. 1854లో ఫిలిప్ హెన్రీ గాసే రచించిన "ది అక్వేరియమ్" గ్రంథంతో ఈ పేరు ప్రచారంలోకి వచ్చింది. తరువాతి కాలంలో జపానుకు చెందిన తకాషి అమానో (1954-2015) తొట్టిలో ప్రకృతి దృశ్యాలను తలపించేలా మొక్కలను అమర్చే పద్ధతికి ప్రాచుర్యం తెచ్చాడు.

నత్రజని వలయం

కొత్త తొట్టిలో చేపలు మొదటి వారాలలోనే మరణించడానికి ముఖ్య కారణం ఈ విషయం తెలియకపోవడమే. చేపల విసర్జకాలు, మిగిలిపోయిన ఆహారం, కుళ్ళిన ఆకుల నుండి అమోనియా ఏర్పడుతుంది. ఇది చేపలకు విషం. నీటి క్షారత్వం, ఉష్ణోగ్రత పెరిగే కొద్దీ దీని విషప్రభావం కూడా పెరుగుతుంది. ఒక రకం బాక్టీరియా అమోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. ఇది చేప రక్తంలో చేరి ఆక్సిజన్‌ను మోసే శక్తిని తగ్గిస్తుంది. మరొక రకం బాక్టీరియా నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ చాలా తక్కువ హానికరం, పైగా మొక్కలకు ఆహారం.

ఈ బాక్టీరియా ఇసుకలోను, ఫిల్టరులోను తగినంతగా వృద్ధి చెందడానికి సాధారణంగా 4 నుండి 6 వారాలు పడుతుంది. నీరు తేటగా కనిపించినంత మాత్రాన అది చేపలకు సురక్షితమని భావించరాదు. అమోనియాకు, నైట్రైట్‌కు రంగు లేదు.

కావలసిన వస్తువులు

* తొట్టి: 60 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. వెడల్పు, 30 సెం.మీ. ఎత్తు గల తొట్టిలో 54 లీటర్ల నీరు పడుతుంది. నీటి బరువే 54 కిలోలు కనుక, గాజు, ఇసుకల బరువును కూడా కలుపుకొని మోయగల దృఢమైన బల్ల అవసరం. మరీ చిన్న తొట్టిలో నీటి గుణాలు త్వరగా మారిపోతాయి కనుక ప్రారంభకులకు అది సులభం కాదు.
* ఇసుక: బాగా కడిగిన ముతక నది ఇసుకను 5 సెం.మీ. మందాన పరవాలి. ఇసుకపైన గాని, రాళ్ళపైన గాని వెనిగర్ వేసినప్పుడు నురగ వస్తే వాటిలో సున్నం ఉన్నట్లు. అవి నీటి కఠినత్వాన్ని పెంచుతాయి.
* ఫిల్టరు: నీటిని నెమ్మదిగా కదిలించే చిన్న ఫిల్టరు సరిపోతుంది.
* దీపం: తెల్లని ఎల్.ఇ.డి. దీపం రోజుకు 6 నుండి 8 గంటలు వెలగాలి. తొట్టిపై నేరుగా ఎండ పడరాదు.

విద్యుత్ తీగను సాకెట్టు కంటే కిందికి వేలాడేలా అమర్చితే, తీగ వెంట జారిన నీరు సాకెట్టులోకి చేరదు. నీటిలో చేయి పెట్టే ముందు అన్ని స్విచ్చులు ఆపివేయాలి.

మొక్కలు నాటడం

ప్రారంభకులకు వాలిస్‌నేరియా, హైడ్రిల్లా, క్రిప్టోకొరైన్, జావా ఫెర్న్, అనూబియాస్ అనువైనవి. వీటికి కార్బన్ డయాక్సైడును ప్రత్యేకంగా అందించనవసరం లేదు. పొడవైన మొక్కలను వెనుకవైపు, పొట్టివాటిని ముందువైపు నాటాలి. జావా ఫెర్న్, అనూబియాస్‌ల కొమ్మును ఇసుకలో పాతిపెడితే కుళ్ళిపోతుంది. కనుక దానిని రాతికి గాని, కర్రకు గాని దారంతో కట్టాలి. క్రిప్టోకొరైన్ నాటిన కొద్ది రోజులకు ఆకులు రాల్చవచ్చు. వేరు గట్టిగా ఉంటే మళ్ళీ చిగురిస్తుంది కనుక దానిని పీకివేయరాదు.

చేపలను ప్రవేశపెట్టడం

కుళాయి నీటిలోని క్లోరిన్ చేపలకు, బాక్టీరియాకు హానికరం. నీటిని ఒక రోజు వెడల్పైన పాత్రలో నిలవ ఉంచినా, సోడియం థయోసల్ఫేట్ కలిపినా క్లోరిన్ తొలగుతుంది. మొక్కలు నాటిన తరువాత, చేపలు లేకుండానే రోజూ చిటికెడు చేపల ఆహారం వేస్తూ ఉంటే బాక్టీరియా వృద్ధి చెందుతుంది. పరీక్ష కిట్‌లో అమోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు చేరిన తరువాతే నాలుగైదు చిన్న చేపలను వదలాలి. భారత ఉపఖండానికి చెందిన జీబ్రా డానియో దృఢమైన చేప. బోరు నీరు కఠినంగా ఉండే ప్రాంతాలలో గప్పీలు బాగా పెరుగుతాయి. గోల్డ్‌ఫిష్ పెద్దదిగా పెరిగి, మొక్కలను తిని, పెకలించివేస్తుంది కనుక చిన్న తొట్టికి తగదు.

సంరక్షణ

రెండు నిమిషాలలో తినగలిగినంత ఆహారాన్ని మాత్రమే వేయాలి. వారానికి ఒకసారి నాలుగో వంతు నీటిని మార్చాలి. నీరు ఆవిరైనపుడు లవణాలు తొట్టిలోనే మిగులుతాయి. కనుక తగ్గిన నీటిని మళ్ళీ నింపడం నీటిని మార్చడంతో సమానం కాదు. ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద కడగరాదు. తొట్టి నుండి తీసిన నీటిలోనే పిండాలి.

చీకటిలో మొక్కలు కూడా ఆక్సిజన్‌ను వినియోగించుకుంటాయి. అందువలన తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ అతి తక్కువగా ఉంటుంది. వేసవిలో నీరు వేడెక్కినప్పుడు, విద్యుత్ లేనప్పుడు ఈ కొరత తీవ్రమవుతుంది. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఇటువంటి సమయంలో ఉపయోగపడుతుంది. చేపలు నీటిపైకి వచ్చి నోరు తెరుస్తూ ఉంటే వెంటనే కొంత నీటిని మార్చి, అమోనియా, నైట్రైట్‌లను పరీక్షించాలి.

గాజుపై పచ్చని పాచి పెరగడం కాంతి గాని, పోషకాలు గాని మొక్కల అవసరానికి మించి ఉన్నాయనడానికి సూచన. దీపం వెలిగే సమయాన్ని, ఆహారాన్ని తగ్గించి, త్వరగా పెరిగే మొక్కలను చేర్చడం దీనికి మేలైన ఉపాయం.

పర్యావరణ జాగ్రత్తలు

అక్కరలేని చేపలను, మొక్కలను చెరువులలో, కాలువలలో వదలరాదు. దక్షిణ అమెరికా నుండి వచ్చిన గుర్రపుడెక్క అలంకార మొక్కగానే అనేక దేశాలకు చేరి, నేడు ఎన్నో చెరువులను కప్పివేసింది. ఆక్వేరియం చేపగా వచ్చిన సక్కర్ క్యాట్‌ఫిష్ ఆంధ్ర ప్రదేశ్ జలాశయాలలో కూడా వ్యాపించి మత్స్యకారులకు సమస్యగా మారింది. మిగిలిన చేపలను వేరొక పెంపకందారుకు ఇవ్వడం, కత్తిరించిన మొక్కలను పూర్తిగా ఎండబెట్టి ఎరువుగా వాడడం సరైన పద్ధతి.