కొండ నుండి కడలికి: స్వర్ణముఖి వెంట ఒక దారి

ఇటలీదేశమున నేపుల్సు నగరమునకు దక్షిణముగా అమాల్ఫీ తీరమని ప్రసిద్ధికెక్కిన ప్రదేశమొకటి కలదు. అచట కొండలు నేరుగా సముద్రములోనికే దిగియుండును. ఒకవైపు నిట్టనిలువున లేచిన రాతిగోడ, మరియొకవైపు ఎంతో లోతున నీలిజలము. నడుమ పందొమ్మిదవ శతాబ్దిలో కొండను తొలిచి వేసిన సన్ననిదారి. చరియలను మెట్లుమెట్లుగా మలచి జనులు నిమ్మతోటలు పెంచిరి. 1997లో యునెస్కో సంస్థ ఈ తీరమును ప్రపంచ వారసత్వ స్థలములలో చేర్చెను. కారులో ఆ మలుపులవెంట ఒక పగలు తిరిగివచ్చుట దేశదేశముల యాత్రికులకు తీరని కోరిక. మన రాష్ట్రమున అట్టిదానిని చూపుమన్నచో ఎవరైనను విశాఖపట్టణమునుండి భీమునిపట్టణమునకు పోవు దారిని చూపుదురు. కుడిచేతివైపు కడలి, ఎడమచేతివైపు కైలాసగిరి, ఋషికొండ, బౌద్ధారామ శిథిలములు గల తొట్లకొండ. పోలిక తగినదే.

అయితే కొండయు కడలియు ఒకదానినొకటి ఆనుకొనియున్నచోట చూచువానికి అందము కనబడును గాని, ఆ రెంటికి గల చుట్టరికము కనబడదు. అవి దూరదూరముగా నున్నచోట నడుమ ఏమి జరుగుచున్నదో తెలిసికొనవచ్చును. అందులకు తగిన దారి రాయలసీమ దక్షిణపు కొసన ఉన్నది. తిరుమలకొండపై బయలుదేరి, తిరుపతి, ఏర్పేడు, శ్రీకాళహస్తి, నాయుడుపేటల మీదుగా పులికాటు సరస్సును దాటి శ్రీహరికోటను చేరు దారి అది. మొత్తము 130–140 కిలోమీటర్లు. ఉదయము దిగినవాడు మధ్యాహ్నమునకు ఉప్పుగాలి పీల్చును. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన తిరుపతి జిల్లా ఈ కొండను, ఈ కడలిని ఒక్క జిల్లాలోనికి తెచ్చెను. ఆ రెంటిని కలుపు పనిని మాత్రము అంతకు ఎన్నో యుగములకు ముందే స్వర్ణముఖి నది తలకెత్తుకొన్నది. నది మోసుకొనిపోవు సరకు ఇసుక.

తిరుమలమీద యాత్రికుడు సముద్రమట్టమునకు ఇంచుమించు 2,800 అడుగుల ఎత్తున నుండును. 1944 వరకు ఈ కొండకు మోటారుదారి లేదు. మెట్లవెంట నడచియో, డోలీలో కూర్చుండియో పోవలసినదే. ఆ యేట తెరచిన మొదటి ఘాట్ రోడ్డు నేడు దిగు వాహనములకును, 1974లో వచ్చిన రెండవది ఎక్కు వాహనములకును ఉపయోగపడుచున్నవి. దిగునపుడు గోవిందనామము పలుకుచు కన్నులు మూసికొనువారు పెక్కుమంది. కొందరికది భక్తి, కొందరికి మలుపులవలన కలుగు కడుపుతిప్పుట.

కన్నులు తెరచియున్నవారికి ఈ దారిలో అపురూపమైన దృశ్యమొకటి కాననగును. దారికొఱకు కొండను కోసినచోట రెండు విధములైన శిలలు ఒకదానిపై నొకటి యుండును. క్రిందిది పొరలులేని ముద్దరాయి, నల్లసేనపురాతి జాతిది. పైది పలకలు పలకలుగా పేర్చినట్లున్న గట్టి రాయి. ఈ రెండును కలియు గీతను భూగర్భశాస్త్రజ్ఞులు ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అందురు. దిగువ శిలకును ఎగువ శిలకును నడుమ గడచిన కాలము అనేక కోట్ల సంవత్సరములు. గ్రంథములో నడిమి పుటలు లుప్తమైనట్లు ఆ కాలమునకు సంబంధించిన శిల ఇచట ఏమియు మిగులలేదు. భారత భూగర్భ సర్వే శాఖ దీనిని జాతీయ భూగర్భ స్మారకములలో ఒకటిగా గుర్తించినది. ఇంతకంటె విశేషము మరియొకటి కలదు. పైనున్న ఆ పలకరాయి మొదట రాయి కాదు. లోతులేని ప్రాచీన జలములక్రింద పేరుకొన్న ఇసుక, యుగములతరబడి అణగి, కరడుకట్టి ఆ రూపము దాల్చినది. శ్రీవారి కొండ శిరస్సు ఒకనాటి నీటియడుగు ఇసుక! గాలివానల తాకిడికి అది రేణువు రేణువుగా రాలి మరల నీటిదారి పట్టుచున్నది. ఘాట్ రోడ్డును దిగు కారు ఆ రేణువులకు తోడుపోవుచున్నదన్నచో అతిశయోక్తి కాదు.

తిరుపతికిని రేణిగుంటకును నడుమ చెప్పదగినది స్వల్పము. కల్యాణమండపములు, హోటళ్ళు, విమానాశ్రయమునకు పోవు దారి. రేణిగుంట దాటిన పిమ్మట కొండలు ఎడమకు తొలగి, మామిడితోటలు, వరిమళ్ళు ఎదురగును. చంద్రగిరి ప్రాంతపు కొండలలో పుట్టి, కల్యాణి మొదలైన ఏళ్ళను కలుపుకొని వచ్చిన స్వర్ణముఖి ఈ మైదానముననే తన వెడల్పును చూపును. ఏడాదిలో ఎక్కువకాలము ఆ వెడల్పునిండ నుండునది నీరు కాదు, తెల్లని ఇసుక. దారిన పోవువారు వంతెనమీదినుండి చూచి "ఏరు ఎండిపోయినది" అందురు. ఏటి ఒడ్డున సేద్యము చేయువాడు ఆ మాట అనడు.

రైతునకు ఏటి ఇసుక ధాన్యపు గాదె వంటిది. నాలుగునాళ్ళు వచ్చిపోవు వరదనీటిని ఇసుక తన పొరలలో దాచుకొని, నెలలతరబడి ఒడ్డునున్న బావులకు ఊటగా పంచిపెట్టును. పూర్వము రైతులు ఏటిలో ఇసుకను చీల్చి ఊటకాలువలు త్రవ్వి పొలములకు పారించుకొనిరి. ప్రతియేట వరద ఆ కాలువలను పూడ్చును; ప్రతియేట ఊరివారందరు కలిసి పారలు పట్టుకొని మరల తీయుదురు. సొంతపొలము లేనివాడుకూడ ఆ పనికి కూలి సంపాదించెడివాడు. ఇసుకను లోతుగా తోడివేసినచో వరదనీరు నిలువక కడలికి పరుగెత్తును, బావి అడుగంటును. ఇది పాఠశాల బాలునికిని అర్థమగు లెక్క.

ఏర్పేడు అను పేరు పలుకునపుడే ఏరు అను శబ్దము చెవికి తగులును. ఊరు చిన్నది. 1926లో మలయాళస్వామి ఇచట వ్యాసాశ్రమమును స్థాపించిరి. కేరళదేశమున పుట్టి, తిరుమలకొండపై పండ్రెండేండ్లు తపమొనర్చి, కొండ దిగివచ్చి ఈ మైదానమును ఎన్నుకొనిన మహనీయుడాయన. సంస్కృతమును, వేదాంతమును కులభేదము లేక, స్త్రీలకును బోధింపవలెనని ఆ కాలముననే పట్టుబట్టి, 1962లో పరమపదించువరకు ఆ పని సాగించిరి. నేడు అదే ఏర్పేడు పొలిమేరలలో ఐ.ఐ.టి., ఐసర్ అను రెండు జాతీయ విద్యాసంస్థల భవనములు లేచినవి. రెండును 2015లో ఆరంభమైనవే. ఇంత చిన్న ఊరికి ఇన్ని చదువుల యోగము పట్టుట అరుదు.

ఇచటినుండి ప్రక్కదారి పట్టనివారు ఈ ప్రయాణమున సగము పోగొట్టుకొనినట్లే. ఏర్పేడు మండలముననే స్వర్ణముఖి చెంత గుడిమల్లమను గ్రామము కలదు. అచటి పరశురామేశ్వరాలయపు గర్భగృహమున, నేలమట్టమునకు దిగువను, అయిదడుగుల ఎత్తున నున్నగా మెరయు శివలింగము నిలిచియున్నది. దాని ముందుభాగమున, వామనాకారుని భుజములపై నిలిచి, వేటను, గొడ్డలిని ధరించిన శివుని మూర్తిని చెక్కిరి. లోకమున తెలియవచ్చిన అతిప్రాచీన శివలింగములలో నిది ఒకటి. శాసన పరిశోధకుడు టి.ఏ. గోపీనాథరావు ఇరువదవ శతాబ్ది ఆరంభమున దీనిని పండితలోకమునకు పరిచయము చేసెను. క్రీస్తుకు పూర్వపుదని పలువురు పండితుల అభిప్రాయము. కాలనిర్ణయమున వాదములింకను సాగుచున్నవి. గర్భగృహపు వెనుకగోడ ఏనుగు వీపువలె గుండ్రముగా నుండును. విశాలమైన రహదారిపై గంటకు వంద కిలోమీటర్ల వేగమున పోవువారికి ఈ గుడి కలదని తెలుపునది ఒక పలక మాత్రమే.

గుడిమల్లమునకు సమీపముననున్న పాపానాయుడుపేట గాజుపూసలకు పేరుపొందిన ఊరు. కొలిమిలో కరగిన గాజుముద్దను ఇనుపగొట్టమునకు చుట్టి, లోన రంధ్రము చెడకుండ సన్ననితీగవలె చేతితో లాగుదురు. అట్లు వచ్చిన గొట్టమును చిన్న చిన్న తునుకలుగా తరిగి, బూడిదతో కలిపి మరల కాచినచో అంచులు నునుపెక్కి పూస యగును. రంధ్రము పొడుచుటకాక, మొదటనే రంధ్రముతో తీగను లాగుటలోనే యున్నది ఈ విద్య యంతయు. పుదుచ్చేరి చెంతనున్న అరికమేడు రేవున రెండువేల ఏండ్లకు పూర్వము ఈ తీరుననే పూసలు చేసిరి. అట్టి పూసలు ఓడలెక్కి ఆగ్నేయాసియా దీవులకును, తూర్పు ఆఫ్రికాకును చేరినట్లు త్రవ్వకములు తెలుపుచున్నవి. ఆ ప్రాచీన విద్యను నేటివరకు నిలిపినచోట్లు లోకమున బహుకొద్ది. వాటిలో పాపానాయుడుపేట ఒకటి యగుటచేతనే విదేశ పరిశోధకులు సైతము ఇచటి కొలుముల యెదుట కూర్చుండి వ్రాసికొనిపోయిరి. ఇప్పుడు కొలుములు తగ్గినవి. గాజుకు మూలద్రవ్యమేది యని అడిగినచో విద్యార్థులు తడుముకొనక చెప్పగలరు: ఇసుక.

మరల రహదారికి వచ్చినచో ఏర్పేడు పోలీసు స్టేషను కనబడును. 2017 ఏప్రిల్ 21న మునగలపాలెము మొదలగు గ్రామముల రైతులు, ఏటిలో అక్రమముగా ఇసుకను తోడివేయుచున్నారని మొరపెట్టుకొనుటకు ఇచట గుమికూడిరి. ఆ సమయమున అదుపుతప్పిన లారీ యొకటి వారిమీదికి దూసికొనివచ్చెను. విద్యుత్ స్తంభమును కూడ కూల్చెను. మరణించినవారు పదిహేనుమందికి తక్కువ కాదు. వారు ఆనాడు ఇంటికి తిరిగిపోయి బావిమోటారు వేయవలసిన మనుష్యులు. పలువురు యాత్రికులు ఆ చోటును దాటునపుడు కాళహస్తి దర్శనమునకు వేళమించునేమో యని గడియారము చూచుకొందురు. దారిని వెడల్పు చేయుటకును, ఇండ్లు కట్టుటకును ఇసుక కావలసినదే. ఏర్పేటిలో కట్టిన చదువుల భవనములును ఇసుక లేక లేవలేదు. ఎంత, ఎచట, ఎవరి నడిగి, అను ప్రశ్నలను పట్టుకొనియే ఆ రైతులు ఆనాడు వచ్చిరి.

శ్రీకాళహస్తి వద్ద కొండ, గుడి, ఏరు మూడును ఒకచోట చేరును. పంచభూతలింగములలో వాయులింగ మిచటిది. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన రాజగోపురము 2010 మే 26న కూలిపోయెను. దాని స్థానమున కట్టిన గోపురమునకు 2017 జనవరిలో కుంభాభిషేకము జరిగినది. కలముతో గుడ్డపై చిత్రించు కలంకారీ పనివారు ఈ ఊర గలరు. రంగులు నిలుచుటకు ముఖ్యమైనది పారునీటిలో గుడ్డనుతుకుట. ఏటిలో నీరు పారనినాడు వారికిని ఇబ్బందియే.

నాయుడుపేటవరకు ఏరును దారియు తోడుతోడుగా పోవును. అచట అవి విడిపోవును. కారులోనివాడు కుడికి తిరిగి, చెన్నపట్టణపు దారిలో దొరవారిసత్రము చేరువ నేలపట్టు చెరువును చూడవచ్చును. 1976లో పక్షిసంరక్షణ కేంద్రముగా ప్రకటించిన ఈ చెరువునకు శీతకాలమున గూడబాతులు, నత్తగుల్లకొంగలు వచ్చి, నీటిలో మునిగిన చెట్లపై గూళ్ళు కట్టును. పక్షుల రెట్టలు కలిసిన చెరువునీరు పైరునకు బలమని ఎరిగిన గ్రామస్థులు తరతరములుగా వాటిని కాపాడుచున్నారు. సూళ్ళూరుపేట దాటినతోడనే దారి నీటిలోనికి ప్రవేశించును. చిలుక సరస్సు తరువాత మనదేశమున అంతటి ఉప్పునీటిసరస్సు మరియొకటి లేదు. దానిని నిలువున చీల్చుకొని కట్టమీద పోవు ఈ దారికి ఇరువైపుల, వర్షములు బాగుగ కురిసిన యేట, రాజహంసలు మోకాలిలోతు నీటిలో బారులుతీరి మేయుచుండును. కారు నాపి, ఇంజను కట్టివేసి చూడవలసిన చోటిది. ఆవలనున్న శ్రీహరికోట, నదులు తెచ్చిన ఇసుకను కెరటములు ప్రోగుచేసి నిలిపిన దీవి. 1971 అక్టోబరు 9న ఇచటినుండి తొలి రోహిణి రాకెట్టు ఎగసెను. అనుమతిలేనివారికి దారి గేటువద్దనే ముగియును.

ఏరును విడువక పోదలచినవాడు నాయుడుపేటవద్ద ఎడమకు తిరుగవలెను. వాకాడువద్ద స్వర్ణముఖికి ఆనకట్ట కలదు. అచట నిలిచిన నీటిని చూచినపుడు, వంతెనలమీద "ఎండిపోయినది" అనిపించుకొన్న ఏరే ఇదియని నమ్ముట కష్టము. ఆవల ఇసుకదిబ్బలు, సరుగుడుతోటలు, చేపలవలలు, తూపిలిపాళెము తీరము. పడమటి కొండలు అచటినుండి కనబడవు. కాలిక్రింద మాత్రము ఇసుక కలదు.