హోటల్ పాయింట్లు పోతున్నాయంటూ మెయిల్ వచ్చిందా? క్లిక్ చేసే ముందు ఇది చూడండి
‘మీ పాయింట్లు ఈ నెలాఖరుతో పోతాయ్.. వెంటనే వాడుకోండి!’ హోటల్ గ్రూపుల నుంచి ఇలాంటి మెయిల్ వస్తే కంగారుగా రూమ్ బుక్ చేసేయకండి. ముందు యాప్ ఓపెన్ చేసి అసలు గడువు తేదీ చూడండి. మారియట్ బాన్‌వాయ్, హిల్టన్ ఆనర్స్‌లో అయితే 24 నెలల పాటు పాయింట్లు సంపాదించకుండా, వాడకుండా ఉంటేనే అవి రద్దవుతాయి. ఈలోపు కొన్ని పాయింట్లు వచ్చి చేరినా చాలు.. గడువు మళ్లీ మొదటి నుంచి లెక్క. ఈ సంగతి మెయిల్ అడుగున చిన్నక్షరాల్లో ఉంటుంది, అదీ ఉంటే! కొన్నిసార్లు ముగిసేది ఆఫర్ మాత్రమే, పాయింట్లు కాదు. లేని తొందర సృష్టించి కొనిపించడాన్ని మన దేశంలో 2023 నవంబర్‌లోనే ‘డార్క్ ప్యాటర్న్’గా నిషేధించారు. అలా నష్టపోతే మెయిల్ స్క్రీన్‌షాట్ దాచుకుని, నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయొచ్చు.