ఇంట్లో పరాయితనం, ఇరుగుతో తగువు

2015 సెప్టెంబరు చివరి వారంలో, నేపాల్ వెళ్లాల్సిన లారీలు బిహార్‌లోని రక్సౌల్ దగ్గర బారులు తీరి ఆగిపోయాయి. వంతెన దాటితే అవతల బీర్‌గంజ్. నేపాల్ దిగుమతుల్లో సగానికి పైగా వెళ్లేది ఆ దారినే. పెట్రోలు, డీజిలు, వంటగ్యాసు అప్పట్లో పూర్తిగా మన దేశం నుంచే అందేవి. ఆ దారి మళ్లీ మామూలుగా తెరుచుకోవడానికి నాలుగు నెలలకు పైగా పట్టింది. ఈలోగా కఠ్మాండూలో గ్యాస్ సిలిండర్లను సగం నింపి ఇచ్చారు. ప్రభుత్వమే దుకాణాలు పెట్టి వంటచెరకు అమ్మింది. అదే ఏడాది ఏప్రిల్ 25న వచ్చిన భూకంపం దాదాపు 9 వేల మందిని పొట్టనపెట్టుకుంది. ఇళ్లు కూలి రేకుల షెడ్లలో తలదాచుకుంటున్న కుటుంబాల మీదికి చలికాలం వచ్చిపడింది.

ఇది భారత్ చేసిన దిగ్బంధం అంది కఠ్మాండూ. మేం ఆపలేదు, అవతలి వైపు ఆందోళనల వల్ల డ్రైవర్లకు రక్షణ లేదు, అందుకే లారీలు కదలడం లేదు అంది ఢిల్లీ. ఆందోళనకారులు వంతెన మీద బైఠాయించిన మాట నిజమే. బైఠాయింపు లేని సరిహద్దు కేంద్రాల దగ్గర కూడా సరుకు రవాణా బాగా మందగించిన మాటా నిజమే. మన పత్రికల్లో చర్చంతా ఈ రెండు వాదనల చుట్టూనే తిరిగింది. వంతెన మీద కూర్చున్నవాళ్లు ఎవరు, ఏం అడుగుతున్నారు అన్నది చాలామంది పాఠకులకు చేరనే లేదు. చిక్కుముడి అసలు కొస మాత్రం అక్కడే ఉంది.

దేశ భద్రత ఒక శాఖ పని, విదేశాంగం ఇంకో శాఖ పని, బడుగులకు న్యాయం మరెవరో చూసుకునే పని అనుకోవడం మనకు అలవాటు. నేపాల్ గత డెబ్బై ఏళ్ల చరిత్ర ముందు ఆ విభజన నిలబడదు. రాజ్యం ఎవరిని తనవాళ్లుగా లెక్కలో వేసుకోలేదో వాళ్ల ఊళ్లలోనే తుపాకీ పైకి లేచింది, పొరుగు దేశాల చెయ్యి లోపలికి రావడానికి సందు దొరికిందీ అక్కడే.

వంతెన మీద కూర్చున్నవాళ్లు మధేశీలు. నేపాల్ అనగానే మనకు మంచుకొండలు గుర్తొస్తాయి గానీ, దక్షిణాన మన సరిహద్దు పొడవునా తరాయి అనే చదునైన నేల ఉంది. దేశ విస్తీర్ణంలో అది ఆరో వంతు. జనాభాలో సగానికి పైగా ఉండేది అక్కడే. వరి పండేదీ, ఫ్యాక్టరీలు ఉన్నదీ అక్కడే. మధేశీలు మాట్లాడేది మైథిలీ, భోజ్‌పురీ, అవధీ. నేపాలీ తర్వాత ఆ దేశంలో ఎక్కువమంది మాతృభాష మైథిలీయే. సరిహద్దు తెరిచే ఉంటుంది, పాస్‌పోర్టు అక్కర్లేదు. జనక్‌పుర్ కుర్రాడికి మధుబనీ పిల్లను చేసుకోవడం, ఇక్కడి ఆడపిల్లను అక్కడికి ఇవ్వడం తరతరాల ఆచారం.

ఈ చుట్టరికాన్నే కఠ్మాండూ పాలకులు అనుమానంగా చూశారు. రాజు మహేంద్ర 1960 డిసెంబరులో ఎన్నికైన ప్రభుత్వాన్ని రద్దు చేసి పంచాయత్ పాలన తెచ్చాక, ఒకే భాష, ఒకే వేషం, ఒకే రాజు అన్నది జాతీయత అయింది. కొండల దుస్తులైన దౌరా సురువాల్, టోపీ దేశ వేషమయ్యాయి. అంతకుముందే మలేరియా నిర్మూలన మొదలై, తరాయి అడవుల్లోకి కొండల నుంచి జనం వలస వచ్చి భూములు సంపాదించుకుంటున్నారు. అక్కడే పుట్టి పెరిగిన మధేశీ మాత్రం నువ్వు భారతీయుడివి కావని రుజువేమిటి అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసి వచ్చింది. 1964 నాటి పౌరసత్వ చట్టం ప్రకారం కొత్తగా పౌరసత్వం కోరేవాళ్లకు నేపాలీ రాయడం, మాట్లాడడం రావాలి.

ఆ దేశంలో పౌరసత్వం అంటే చేతిలో ఉండే ఒక ధ్రువపత్రం. పదహారేళ్లు నిండాక జిల్లా కార్యాలయానికి వెళ్లి తెచ్చుకోవాలి. అది లేకపోతే పొలం పేరు మీదికి రాదు, బ్యాంకు ఖాతా తెరవడం కష్టం, ప్రభుత్వోద్యోగ పరీక్ష రాయలేరు, పాస్‌పోర్టు రాదు. గల్ఫ్‌కు కూలికి పోయే దారి కూడా మూసుకుపోతుంది. 2007లో ఊరూరా శిబిరాలు పెట్టి ఒక్క ఊపున దాదాపు 26 లక్షల మందికి ఈ పత్రాలు పంచారు. అంతమంది అప్పటిదాకా సొంత గడ్డ మీద కాగితం లేకుండా బతికారు. సరిహద్దులో ఎన్ని ఠాణాలు పెట్టినా తీరని అభద్రత ఇది.

కలుపుకోని రాజ్యానికి అంతకంటే పాత పునాది ఉంది. 1854లో జంగ్ బహాదుర్ రాణా తెచ్చిన ములుకీ ఐన్ అనే చట్టం కులాల నిచ్చెనమెట్లను రాజశాసనంగా మార్చింది. జంధ్యం వేసుకునేవాళ్లు పైన, మద్యం తాగే జాతులు మధ్యన, ఎవరి చేతి నీళ్లు ముట్టకూడదో వాళ్లు అట్టడుగున. మధ్య మెట్టులోనూ బానిసలుగా చేయదగినవాళ్లు, చేయకూడనివాళ్లు అని మళ్లీ తేడా. ఒకే నేరానికి కులాన్ని బట్టి వేర్వేరు శిక్షలు. 1963లో కొత్త చట్టం వచ్చి దాన్ని తీసేసింది. కాగితం మీద తీసేసినంత తేలిగ్గా కచేరీల్లోంచి, సైన్యంలోంచి, బడుల్లోంచి అది పోలేదు.

1996 ఫిబ్రవరిలో మావోయిస్టులు నలభై డిమాండ్ల పత్రాన్ని ప్రధాని షేర్ బహాదుర్ దేవుబాకు ఇచ్చి, ఆ నెల 13న సాయుధ పోరాటం మొదలుపెట్టారు. అది వేళ్లూనుకున్నది పశ్చిమ కొండల్లో, మగర్ జనజాతివాళ్లు ఎక్కువగా ఉండే రోల్పా, రుకుమ్ జిల్లాల్లో. ఆ పత్రంలో రెండు రకాల కోరికలు పక్కపక్కనే ఉండడం గమనించాలి. భారత్‌తో 1950 నాటి శాంతి, మైత్రి ఒప్పందాన్ని రద్దు చేయమన్నది మొదటివాటిలో ఒకటి. అంటరానితనం పోవాలి, ఆడపిల్లలకు ఆస్తిలో సమాన వాటా కావాలి, అన్ని భాషలకూ సమాన గౌరవం కావాలి అన్నవీ అదే పత్రంలో ఉన్నాయి. ప్రభుత్వం మాత్రం దాన్ని పోలీసు సమస్యగానే చూసింది. అంతకుముందు ఏడాది రోల్పాలో ఆపరేషన్ రోమియో, 1998లో కిలో సేరా టూ అంటూ గ్రామాల మీద దాడులు జరిగాయి. ఆ దాడులే దళాల్లోకి కొత్తవాళ్లను పంపాయి. బందూకు పట్టినవాళ్లలో ఆడపిల్లలు చాలా పెద్ద సంఖ్యలో ఉండడం ఆ పోరాటాన్ని చూసినవాళ్లందరినీ ఆశ్చర్యపరిచింది. పదేళ్లలో సుమారు 17 వేల మంది చనిపోయారు. 1,300 మందికి పైగా ఏమయ్యారో ఇప్పటికీ తెలియని కుటుంబాలు ఉన్నాయి.

ఇంటి గొడవ విదేశాంగంగా మారిన తీరు చూడండి. 2001 నవంబరులో సైన్యం రంగంలోకి దిగాక అమెరికా, భారత్, బ్రిటన్‌ల నుంచి ఆయుధ సాయం వచ్చింది. 2005 ఫిబ్రవరి 1న రాజు జ్ఞానేంద్ర అధికారమంతా చేతిలోకి తీసుకోగానే ఢిల్లీ, లండన్ ఆయుధాలు ఆపేశాయి. రాజు చైనా వైపు చూశాడు. ఆ నవంబరులో నేపాల్ పార్టీలు, మావోయిస్టులు రాజుకు వ్యతిరేకంగా కుదుర్చుకున్న 12 సూత్రాల అవగాహన ఢిల్లీలోనే రూపుదిద్దుకుంది. 2006 ఏప్రిల్‌లో జనం వీధుల్లోకి వచ్చి రాజు చేతిలోంచి అధికారాన్ని లాగేసుకున్నారు. నవంబరు 21న శాంతి ఒప్పందం కుదిరింది. సొంత పల్లెల మాట వినని రాజ్యం తన భవిష్యత్తు గురించి పొరుగు రాజధానిలో జరిగే చర్చ కోసం ఎదురుచూడవలసి వచ్చింది.

తర్వాతి రెండేళ్లు నేపాల్ చేసిన పనికి నాకు నిజంగా గౌరవం. 2008లో 601 మందితో ఏర్పడిన రాజ్యాంగ సభలో మూడో వంతు స్త్రీలు. దక్షిణాసియాలో అంతకుముందు ఏ జాతీయ సభలోనూ అంతమంది లేరు. మొదటి రాష్ట్రపతిగా మధేశీ అయిన రాంబరణ్ యాదవ్ ఎన్నికయ్యారు. ప్రభుత్వోద్యోగాల భర్తీలో 45 శాతం స్త్రీలకు, ఆదివాసీ జనజాతులకు, మధేశీలకు, దళితులకు, వికలాంగులకు, వెనుకబడిన ప్రాంతాలకు కేటాయించారు. ఇది దానంతటదే వచ్చింది కాదు. 2007 జనవరిలో మధ్యంతర రాజ్యాంగంలో తమ ఊసే సరిగా లేదని మధేశ్ భగ్గుమంది. ఆ ఏడాదీ, 2008లోనూ ప్రాణాలు పోయాకే ప్రభుత్వం ఒప్పందాల మీద సంతకం చేసింది.

సైన్యం తలుపు అంత తేలిగ్గా తెరుచుకోలేదు. ఐక్యరాజ్యసమితి పరిశీలించి తేల్చిన మావోయిస్టు పోరాటకారులు 19,602 మంది. సైన్యంలో చేరింది దాదాపు 1,400 మందే. మిగతావాళ్లలో ఎక్కువమంది డబ్బు తీసుకుని ఇళ్లకు వెళ్లిపోయారు.

ఇక 2015కు వద్దాం. ఏడేళ్లుగా తెగని రాజ్యాంగాన్ని భూకంపం తర్వాత పెద్ద పార్టీలు హడావుడిగా ముగించాయి. రాష్ట్రాల సరిహద్దులు తమను ముక్కలు చేస్తున్నాయని తరాయిలోని మధేశీలు, ఆదివాసీలైన థారూలు గొంతెత్తారు. ఆగస్టు 24న కైలాలీ జిల్లా టీకాపుర్‌లో ఆందోళన అదుపు తప్పి ఎనిమిది మంది పోలీసులు, ఒక పసిబిడ్డ చనిపోయారు. ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో ఎందరో మధేశీలు పోయారు. ఇంత రక్తం మధ్యనే రాజ్యాంగానికి 507 మంది సభ్యులు అవునన్నారు. మధేశీ పార్టీల్లో ఎక్కువభాగం ఓటింగుకే రాలేదు. సెప్టెంబరు 20న రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. రెండు రోజుల ముందు మన విదేశాంగ కార్యదర్శి జైశంకర్ కఠ్మాండూ వెళ్లి తొందరపడవద్దని చెప్పివచ్చారు. అప్పటికే చాలా ఆలస్యమైంది.

ఢిల్లీ చెప్పిన మాటలో న్యాయం ఉంది. ఆ మాట లారీల ద్వారా చెప్పినట్టు కనపడడమే పెద్ద పొరపాటు. 1989లో రవాణా ఒప్పందం గడువు ముగిసి, ఇరవై ఒకటిలో పందొమ్మిది సరిహద్దు దారులు మూతపడిన రోజులు నేపాలీలకు గుర్తున్నాయి. సముద్రం లేని దేశానికి దారి అంటే ఊపిరి. సిలిండర్ సగమే నిండిన ఇంట్లో మధేశీల కోరికలు ఎవరికి వినిపిస్తాయి? కొండ ప్రాంతాల్లో భారత్ మీది కోపం మధేశీల మీదికి మళ్లింది. అక్టోబరులో ప్రధాని అయిన కె.పి. ఓలీకి ఆ కోపమే బలమైంది. అదే నెలలో చైనా 13 లక్షల లీటర్ల పెట్రోలు ఉచితంగా ఇస్తానంది. అది దేశానికి ఎన్నో రోజులు సరిపడేది కాదు గానీ, ఇచ్చిన సంకేతం పెద్దది. 2016 మార్చిలో ఓలీ బీజింగ్‌లో రవాణా ఒప్పందం చేసుకున్నారు. తియాంజిన్ సహా నాలుగు చైనా రేవులను నేపాల్ వాడుకునే ప్రొటోకాల్ మీద 2019లో సంతకాలయ్యాయి. తియాంజిన్ మూడు వేల కిలోమీటర్ల పైచిలుకు దూరం. కోల్‌కతా అందులో మూడో వంతు కూడా ఉండదు. లాభం కోసం ఎవరూ ఆ దారి ఎంచుకోరు. మళ్లీ గొంతు నులిమితే ఎలా అన్న భయం ఎంచుకునేలా చేస్తుంది.

మధేశీల గోడులో కొంత తీరింది 2016 జనవరి సవరణతో. నియోజకవర్గాలకు జనాభా ప్రధాన కొలత అయింది, ప్రభుత్వ సంస్థల్లో దామాషా ప్రకారం చోటు అన్న మాట చేరింది. 2017 స్థానిక ఎన్నికల్లో 6,743 వార్డుల్లో ప్రతిదానికీ ఒక దళిత మహిళా సభ్యురాలు ఉండాలన్న నిబంధన వల్ల ఆరు వేలకు పైగా దళిత స్త్రీలు గెలిచారు. మధేశ్‌ను విడి దేశం చేయాలని ప్రచారం చేసి జైలుకు వెళ్లిన ఇంజనీరు సి.కె. రౌత్ 2019 మార్చిలో ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని ఎన్నికల్లోకి వచ్చారు. 2022లో సప్తరీ నుంచి మధేశీ నాయకుల్లో పెద్దవాడైన ఉపేంద్ర యాదవ్‌నే ఓడించి పార్లమెంటులో కూర్చున్నారు. వేర్పాటువాదాన్ని ఇలా ఓటు పెట్టెలోకి మళ్లించడం ఎన్ని బెటాలియన్లు దింపినా సాధ్యమయ్యేది కాదు.

ఇవన్నీ మనకెందుకు అని తెలుగు పాఠకుడు అడగవచ్చు. మన పట్టణాల్లో రాత్రిళ్లు విజిలు ఊదుతూ తిరిగి, నెల మొదట్లో గుమ్మం ముందు నిలబడే గూర్ఖా వీసా లేకుండా రాగలుగుతున్నది 1950 ఒప్పందం వల్లే. శాలగ్రామాల కోసం, ముక్తినాథ్ దర్శనం కోసం మనవాళ్లు ఏటా వెళ్తుంటారు. 2025 సెప్టెంబరులో ఉద్యోగాల్లేని, అవినీతికి విసిగిన యువత వీధుల్లోకి వచ్చి, డెబ్బై మందికి పైగా ప్రాణాలు పోయి, ఓలీ ప్రభుత్వం కూలినప్పుడు, చిక్కుకున్న తెలుగువాళ్లను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రత్యేక విమానంలో తెచ్చుకోవలసి వచ్చింది.

మధేశీల గోడులో తీరనిది పౌరసత్వం దగ్గరే ఉంది. 2020 జూన్‌లో, భారత్‌తో వివాదంలో ఉన్న కాలాపానీ, లిపులేఖ్, లింపియాధురాలను తమవిగా చూపే కొత్త పటాన్ని నేపాల్ పార్లమెంటు ఆమోదించింది. అదే నెలలో ఒక పార్లమెంటు కమిటీ ఇంకో ప్రతిపాదన చేసింది. నేపాలీని పెళ్లాడి వచ్చిన విదేశీ స్త్రీ పౌరసత్వానికి ఏడేళ్లు ఆగాలట. తగువు కొండ కనుమ గురించి, భారం పడబోయేది మధుబనీ నుంచి జనక్‌పుర్‌కు కోడలిగా వెళ్లిన పిల్ల మీద. 2023లో వచ్చిన చట్టం ఆ ఏడేళ్ల మాట వదిలేసింది. 2007లో జన్మ ఆధారంగా పౌరులైనవాళ్ల పిల్లలకూ, ఏళ్ల తరబడి ఎదురుచూశాక, వంశ పౌరసత్వం దొరికింది. అయినా ఆ కోడలికి దొరికేది అంగీకృత పౌరసత్వమే. అది ఉన్నవాళ్లు ప్రధాని, ముఖ్యమంత్రి, స్పీకరు, ప్రధాన న్యాయమూర్తి, భద్రతా దళాధిపతి కాకూడదని రాజ్యాంగం 289వ అధికరణ చెబుతోంది. నేపాలీ స్త్రీ విదేశీయుణ్ణి పెళ్లాడితే ఆయనకు ఆ సౌకర్యం కూడా లేదు. ఆమె బిడ్డకు తల్లి వంశం సరిపోదు, అంగీకృత పౌరసత్వంతో సర్దుకోవాలి. నేపాలీ పురుషుడి బిడ్డకు, తల్లి ఏ దేశం మనిషైనా, వంశ పౌరసత్వం వస్తుంది. ఈ తేడాను తీసేసే అధికారం బీజింగ్‌కు లేదు, ఢిల్లీకి లేదు, ఒక్క కఠ్మాండూ పార్లమెంటుకే ఉంది.