పురుగు పోయింది, తెగులు పోలేదు

అమ్మానాన్నల బదిలీలతో కోల్‌కతా చేరినవాళ్లం మేము. ఫిబ్రవరిలో బడి తోటలో బొబ్బర్లు విత్తాం. వీటిని ఇక్కడ బర్బటి అంటారు. గింజలు మాలో ఒకరి అమ్మమ్మగారి ఊరివి.

తీగ సాగేసరికి లేత చివుళ్లకు నల్లగా పేనుబంక పట్టింది. మాలీ కాకు చూసి "జాబ్ పోకా" అన్నారు. వేపనూనె కలిపిన నీళ్లు చల్లితే పురుగు పోయింది. హమ్మయ్య అనుకున్నాం. రెండు వారాలకు, పురుగే కనిపించని మొక్కల్లో కూడా ఆకులు ముదురు, లేత ఆకుపచ్చ మచ్చలతో ముడుచుకుపోయాయి. ఇది వైరస్ వల్ల వచ్చే మొజాయిక్ తెగులులా ఉందని సైన్సు టీచర్ చెప్పారు. పురుగు చచ్చాక తెగులెలా పాకింది?

పేనుబంక నోరు సూదిలాంటి గొట్టం. మొక్క మీద వాలగానే, అది తనకు పనికొస్తుందో లేదో చూడటానికి ఆకు పైపొరలో ఆ సూదిని కొన్ని సెకన్లు గుచ్చుతుంది. మొక్కలో మొజాయిక్ వైరస్ ఉంటే సూదికి అంటుకుంటుంది. తర్వాతి మొక్కను రుచి చూసినప్పుడు అందులోకి దిగుతుంది. ఇదంతా నిమిషాల పని. మందు తగిలి పురుగు చచ్చేలోపే వైరస్ మొక్కలో చేరిపోతుంది. అందుకే ఒకచోట కూర్చుని రసం పీల్చే గుంపుకంటే, రుచి చూసి ఎగిరిపోయేవాటితోనే ఎక్కువ చేటు. పేనుబంకలో చాలావాటికి రెక్కలుండవు. గుంపు కిక్కిరిసినప్పుడు రెక్కలున్న పిల్లలు పుడతాయి. (వాటికీ బదిలీలే!)

అన్ని వైరస్‌లూ ఇలా కాదు. ఆఫ్రికాలో వేరుశనగను గిడసబార్చే రోజెట్ తెగులును 1907లో, నేటి టాంజానియా ప్రాంతంలో గుర్తించారు. దాన్ని మోసేదీ ఈ నల్ల పేనుబంకే. కానీ ఆ వైరస్ పురుగు ఒంట్లోకే చేరి, అది బతికున్నన్నాళ్లూ ఉంటుంది. పురుగు మన దేశంలోనూ ఉంది, ఆ తెగులు మాత్రం లేదు. ఇక మినుము, పెసరలకు వచ్చే పల్లాకు తెగులు పేనుబంకది కాదు, తెల్లదోమ పని.

మరి మా తోటకు మొదట వైరస్ ఎక్కడిది? బొబ్బర్లకు వచ్చే కొన్ని మొజాయిక్ వైరస్‌లు గింజలోనే దాగి, మొలకతో పైకి వస్తాయి. పురుగు రాకముందే రెండు మొలకల ఆకులు మచ్చలతో ఉన్నాయని మా నోటుపుస్తకంలో రాసి ఉంది! అప్పుడు పట్టించుకోలేదు. పరీక్ష చేయించలేదు కాబట్టి గట్టిగా చెప్పలేం గానీ, బహుశా అమ్మమ్మగారి గింజలతోనే రైలెక్కి వచ్చింది. ఆనాడే ఆ రెండింటినీ పీకేసి ఉంటే మిగతావి చాలావరకు దక్కేవి.

తెగులు కనబడిన తీగలన్నీ పీకేశాం. మచ్చలు లేని నాలుగు తీగల కాయలే విత్తనానికి ఉంచాం. వేసవి సెలవుల్లో బదిలీ మీద వెళ్లేవాళ్లు వాటినే పట్టుకెళ్తారు.