పంటి పాచిలో దొంగ కాపురం!

కామాటిపుర గల్లీల నుంచి ముంబయి సెంట్రల్‌లోని నాయర్ డెంటల్ కాలేజీకి నడిచే వెళ్ళొచ్చు. 1933 నుంచి ఊరి పళ్ళు బాగుచేస్తున్న కాలేజీ అది! అయినా మన చాళ్ళలో కడుపు మండితే చెయ్యి సోడా సీసా మీదికే పోతుంది గానీ, పళ్ళ సంగతి ఎవరడుగుతారు? అడగాలంటాను. ఎందుకో చూడండి.

మీకు తెలుసా? ఒక్క రోజులో మీరు మింగే బ్యాక్టీరియా లెక్క ప్రపంచ జనాభాకు పది రెట్లు దాటొచ్చు! ఒక మిల్లీలీటరు ఉమ్మిలోనే దాదాపు 10 కోట్లుంటాయి, రోజుకు లీటరు దాకా గుటకలేస్తాం మరి.

వాటిలో చాలావరకు కడుపులోని ఆమ్లానికే బలైపోతాయి. హెలికోబ్యాక్టర్ పైలోరీ మాత్రం చావదు! యూరియాను విరిచి అమ్మోనియా పుట్టించి, తన చుట్టూ ఉన్న పులుపును చంపేసుకుని, కడుపు గోడ జిగురులో దూరిపోతుంది. అల్సర్లకు పెద్ద కారణం ఇదే. కొందరిలో క్యాన్సర్‌కు కూడా.

దీన్ని కావాలని తాగిన డాక్టరున్నాడు! ఆస్ట్రేలియాకు చెందిన బారీ మార్షల్ 1984లో తాగేశాడు. మూడో రోజుకల్లా నోరు కంపు కొట్టింది. అది పసిగట్టింది ఎవరనుకున్నారు? వాళ్ళమ్మ! 2005లో ఆయనకూ రాబిన్ వారెన్‌కూ నోబెల్ వచ్చింది.

తన ఒంటి మీదే ప్రయోగమంటే మన పేట పక్కన అంతకు 87 ఏళ్ళ ముందే జరిగింది! 1897 జనవరి 10న బైకుల్లాలోని గ్రాంట్ మెడికల్ కాలేజీలో శాస్త్రవేత్త హాఫ్‌కిన్ తన ప్లేగు టీకా తానే వేయించుకున్నాడు. ఆ తర్వాత ముందుకొచ్చింది బైకుల్లా జైలు ఖైదీలు.

అసలు వింత ఇప్పుడు! 1991లో బొంబాయి డాక్టర్లు అజీర్తితో వచ్చిన 43 మందిని పరీక్షించారు. కడుపులో పైలోరీ కనిపించింది సుమారు 70 శాతం మందిలో. పంటి పాచిలో ఎంతమందికి? 98 శాతం! 24 మందికి మందులిస్తే కడుపులో క్రిమి మాయమైంది, పాచిలోది మాత్రం కదల్లేదు! ఇంటి ముందు తలుపుకు తాళం వేసి, దొంగను వంటింట్లో ఉంచుకున్నట్టే కదా! అయితే ఆ 98ని నేను పూర్తిగా నమ్మను. వాళ్ళు వాడిన పరీక్ష యూరియాను విరిచే గుణాన్ని పట్టుకుంటుంది, నోట్లో ఆ పని చేసే బ్యాక్టీరియా ఇంకా చాలా ఉన్నాయి. ఈ చర్చ ఇప్పటికీ తేలలేదు.

కడుపులోది నోటికి ఎలా వస్తుంది? వాంతితో! అమెరికాలో 1999లో పైలోరీ ఉన్న 16 మంది చేత వాంతి చేయించి చూశారు: 16కి 16 మంది వాంతిలోనూ క్రిమి దొరికింది. ఉమ్మిలో వాంతికి ముందు ముగ్గురిలో, తర్వాత తొమ్మిది మందిలో!

ఈ క్రిమి ఎక్కువగా పసితనంలోనే, ఇంట్లోవాళ్ళ నుంచే అంటుతుంది. ఒక్క ఖోలీలో ఇంటిల్లిపాదీ సర్దుకునే చాల్‌లో దానికి ఎంత సుఖమో చెప్పాలా?

ఆల్ప్స్ మంచులో దొరికిన 5,300 ఏళ్ళ నాటి మనిషి కడుపులోనూ పైలోరీ ఉంది! పాపం, అప్పుడు సోడా కూడా లేదు.

మన దేశపు పైలోరీకి యూరప్ వంశ మూలాలున్నాయట! 2007లో హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు జన్యువులు చదివి చెప్పిన మాట ఇది.

కడుపులో పైలోరీ ఉంటే, ఊదితే దొరికిపోతుంది! ప్రత్యేకమైన యూరియా మింగించి, కాసేపాగి గొట్టంలో ఊదిస్తే, బయటికొచ్చే కార్బన్ డయాక్సైడే గుట్టు విప్పుతుంది.

నోట్లో ఉండే స్ట్రెప్టోకాకస్ ఆంజినోసస్‌ను ఎలుకలకు పట్టిస్తే వాటి కడుపు వాచింది, క్యాన్సర్ దిశగా మార్పులూ వచ్చాయి! ఇది 2024 నాటి కబురు. అంటే పైలోరీ ఒక్కటే నిందితురాలు కాదు.

చివరగా ఒకటి. కడుపు మందులతో పాటు చిగుళ్ళకూ చికిత్స చేస్తే పైలోరీ మళ్ళీ రావడం తగ్గుతుందని, చిన్న చిన్న అధ్యయనాలను కలిపి చూసిన కొక్రేన్ సమీక్ష 2016లో చెప్పింది. సాక్ష్యం ఇంకా బలపడాలి. అయినా మందు వాడినా మంట తిరగబెడుతుంటే డాక్టరుకు చెప్పండి, పళ్ళ డాక్టరు దగ్గర పాచి కూడా తీయించుకోండి. నాయర్ కాలేజీ పక్కనే ఉంది కదా!