వీపుమీద గిన్నెలు పెట్టించుకొనువారికి

మాది గుమాస్తా ఉద్యోగము. ఉదయము పది గంటలకు వంచిన మెడ సాయంకాలము ఆరింటికి గాని ఎత్తము. పూర్వము చిట్టాలమీదికి వంచేవారము, ఇప్పుడు కంప్యూటరువైపు చాస్తున్నాము, అంతే తేడా. అందువల్ల మెడనుండి కుడి భుజమునకు దిగే నొప్పి మాకు పాత చుట్టము. చుట్టమైనా రెండు రోజులుండి పోవును గాని, ఇది పోదు.

2024 సంక్రాంతి పండుగకు ముందు నొప్పి మరీ ఎక్కువై, కప్పింగ్ అని బోర్డు కట్టిన ఒక చోటికి వెళ్ళినాము. ఊరు పేరు, మనిషి పేరు ఇక్కడ అనవసరము. బోర్లా పడుకోబెట్టి, నూనె రాసి, ప్లాస్టిక్కు గిన్నెలు ఆరు వీపుమీద పెట్టి, చేతి పంపుతో ఒక్కొక్క గిన్నెలోని గాలి లాగివేసినాడు. చర్మము గిన్నెలోకి బూరెలాగా పొంగినది. పది నిమిషములు అట్లే ఉంచి తీసినాడు. ఆరువందల రూపాయలు. ఇంటికి వచ్చి అద్దములో చూసుకుంటే అల్లనేరేడు పండు రంగు చక్రములు ఆరు! మా ఇల్లాలు చూసి, "ఎవరితో తగవు పడి వచ్చినారు?" అన్నది. కాని నిజము చెప్పవలెను గదా: మూడు రోజులు మెడ హాయిగా తిరిగినది. నాలుగవ నాటినుండి మళ్ళీ మామూలే. ఆ మూడు రోజుల సంతోషములోనే మేము చేయరాని పని ఒకటి చేసినాము. నాగలాపురములో ఉన్న మా బావగారికి ఫోను చేసి, "మీ నడుముకు ఇదే మందు బావా, పోయి చేయించుకోండి" అని సిఫారసు చేసినాము.

మాకు అంత నమ్మకము కలుగుటకు కారణము లేకపోలేదు. చిన్నతనములో కడుపు పట్టివేస్తే మా అవ్వ పొట్టమీద పిండి ప్రమిదలో చిన్న దీపము పెట్టి, దానిమీద ఇత్తడి చెంబు బోర్లించేది. దీపము ఆరిపోయేది, చెంబు పొట్టను పట్టుకొనేది. మేము ఏడుపు మాని ఆ వింతనే చూసేవారము. దీపము వేడికి లోపలి గాలి వ్యాకోచించి కొంత బయటికి పోవును. దీపమారి గాలి చల్లబడగానే లోపలి ఒత్తిడి తగ్గి, చర్మము పైకి లాగబడును. గాజు గిన్నెలో నిప్పు చూపి పెట్టేవారు నేడు చేసేదీ అదే. పంపు వచ్చినాక నిప్పుతో పని తప్పినది.

ఇది నిన్న మొన్నటిది కాదు. సుశ్రుత సంహితలో రక్తము తీయుటకు కొమ్ము, జలగ, సొరబుర్ర అని మూడు సాధనములు చెప్పబడినవి. వాతదోషమునకు ఆవుకొమ్ము, పిత్తమునకు జలగ, కఫమునకు సొరబుర్ర. గాటు పెట్టిన చోట కొమ్ము నుంచి వైద్యుడు నోటితో పీల్చవలెను; సొరబుర్ర అయితే లోపల దీపముంచి బోర్లించవలెను. మన అవ్వల చెంబుకు సొరబుర్ర అక్కగారన్నమాట. తమిళ సిద్ధవైద్యములోని ముప్పదిరెండు బాహ్యచికిత్సలలో పీల్చుట ఒకటి. యునానీవారు దీనినే హిజామా అంటారు. చీనావారికీ పాత విద్యయే. ఇటీవల దీనికి మోజు పెంచినది మాత్రము 2016 రియో ఒలింపిక్సు. అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ భుజములమీద ఊదారంగు చక్రములతో కొలనులో దిగి, ఐదు బంగారు పతకములతో తిరిగి వెళ్ళినాడు. పతకములు తెచ్చినవి ఈతా, గిన్నెలా అని ఎవరడుగుతారు?

ఇక బావగారి సంగతి. వారిది రేగడి సేద్యము, పత్తి, మిరప. వంగి వంగి నడుము పట్టివేసినది. మా మాట విని పోయినారు. పోయిన చోట ఉత్త గిన్నెలు కాక, బ్లేడుతో సన్నని గాట్లు పెట్టి గిన్నెలోకి రక్తము తీసే పద్ధతి చేసినారు. "చెడురక్తమంతా దిగిపోయింది" అని గడ్డకట్టిన రక్తము చూపించి పంపినారు. అంతకు రెండేళ్ల ముందు బావగారికి గుండెలో స్టెంటు వేసినారు. రక్తము గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్రలు రోజూ మింగుతున్నారు. పైగా చక్కెరవ్యాధి. ఈ రెండిటినీ అక్కడ ఎవరూ అడగలేదు. మేము మాత్రము తెలిసీ తలచలేదు. తిరిగి వస్తుంటే బస్సులోనే చొక్కా తడిసినది. పక్కన కూర్చున్న ముసలమ్మ చూసి కేకవేసేదాకా ఆయనకు చెమట అనే అనుమానము. ఆ రాత్రి ఆసుపత్రిలో కట్టు కట్టించి రక్తము ఆపినారు. తరువాత రెండు గాట్లు చీము పట్టి, మానడానికి నలభై రోజులు పట్టినది. మా అక్క ఆ నలభై రోజులూ మాతో మాట్లాడలేదు. తప్పు ఆమెది కాదు.

కట్టు మార్చే డాక్టరుగారు మాకు కొన్ని సంగతులు విడమరచి చెప్పినారు. చక్రము ఎంత నల్లగా పడితే అంత చెడురక్తము ఉన్నట్టు అనే మాట వట్టిది. చర్మము క్రింది సన్నని రక్తనాళములు చిట్లి, రక్తము అక్కడే ఇంకినందున వచ్చిన రంగు అది. దెబ్బ తగిలితే కమిలినట్లే. గిన్నె ఎంత గట్టిగా పీల్చినది, ఎంతసేపు ఉన్నది అన్నదానిని బట్టి రంగు మారును. ఆలోచిస్తే ఇది మనకు తెలియనిదా? చిన్నప్పుడు లోటాను మూతికి పెట్టి గాలి పీల్చి అంటించుకోని పిల్లవాడు ఎవడు? మూతిచుట్టూ ఎర్రని చక్రము పడేది. ఆ చక్రములో ఏ చెడురక్తమున్నది?

అయితే నొప్పి తగ్గుట అబద్ధమా అంటే, అదీ కాదు. మెడనొప్పి, నడుమునొప్పులపై పలు దేశములలో పరీక్షలు జరిగినవి. కొద్దికాలము కొంత ఉపశమనము కనబడినది. కాని ఆ పరీక్షలు చాలావరకు చిన్నవి. గిన్నె పెట్టినదీ పెట్టనిదీ రోగికి తెలియకుండా పరీక్షించుట కష్టము గనుక, గిన్నె గుణమెంత, నమ్మకపు గుణమెంత అని వేరుచేయుట సులభము కాదు. ఆటలాడి అలసిన కండరములు దీనివలన త్వరగా కోలుకొనుననే మాటకైతే ఆధారము ఇంకా పలుచన.

రక్తము పలుచనచేసే మాత్రలు వాడేవారు, రక్తము త్వరగా గడ్డకట్టని జబ్బుగలవారు గాట్ల జోలికి అసలు పోరాదు. చక్కెరవ్యాధి గలవారు, గర్భిణులు ముందు తమ డాక్టరునడగవలెను. పుండు, గజ్జి ఉన్న చోట గిన్నె పనికిరాదు. నిప్పు గిన్నెలతో చర్మము కాలి బొబ్బలెక్కినవారున్నారు. గాట్లకు వాడే బ్లేడు మన కళ్ళయెదుట కాగితము విప్పిన కొత్తది కావలెను. గిన్నె మరొకరి రక్తము సోకినది కారాదు. కామెర్లు తెచ్చే హెపటైటిస్ క్రిములలో కొన్ని రక్తము ద్వారా వచ్చును. కాళ్ళు తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా, జ్వరముతో నడుము నొచ్చినా గిన్నెల సంగతి మరచి ఆసుపత్రికి పోవలెను. ఎట్లాగైనా ఈ వైద్యమే కావలెననువారు చదివి పట్టా పుచ్చుకొన్నవారివద్దకే పోవుట మేలు. మన ప్రాంతమువారికి పాళయంకోట ప్రభుత్వ సిద్ధవైద్య కళాశాల 1964 నుండి ఉండనే ఉన్నది. బోర్డు చూసి లోపలికి దూరనక్కరలేదు.

బావగారి నడుమును చివరకు కొంత దారికి తెచ్చినది ఫిజియోథెరపీవారు నేర్పిన నాలుగు వ్యాయామములు, మిరపకాయలు కోసేటప్పుడు గంటకొకసారి లేచి నిలబడుట. మేము కుర్చీ ఎత్తు మార్చుకొన్నాము. మా నొప్పి సగము తగ్గినది. మిగిలిన సగముతో కాపురము చేస్తున్నాము.

మా మేనల్లుడు కోవిల్‌పట్టిలో చదువుతూ హాకీ ఆడతాడు. ఆ ఊరికి హాకీ పిచ్చి ఎంతటిదో మీరెరుగుదురు. మొన్న సెలవులకు వచ్చి, "మామా, తొడ కండరం పట్టింది, జట్టులో అందరూ గిన్నెలు పెట్టించుకుంటున్నారు, నేనూ పోనా?" అన్నాడు. మేము నోరు విప్పలేదు. బావగారే చొక్కా విప్పి వీపు చూపించినారు. చక్రములు ఎప్పుడో పోయినవి. రెండు మచ్చలు మాత్రము మిగిలినవి. పిల్లవాడు చాలాసేపు చూసినాడు. తరువాత పట్టాగల ఒక సిద్ధవైద్యునివద్దకు పోయి, గాట్లు వద్దని ముందే చెప్పి, ఉత్త గిన్నెలే పెట్టించుకొన్నాడట. శనివారము ఆటకు దిగినాడు. తగ్గినదా అని ఫోనులో అడిగితే, "కొంచెం మామా" అన్నాడు.